‘క్లాట్ ఉందంటూ మళ్లీ క్లాట్ అయ్యే మందిస్తారా?’: ఒకే రాత్రి, రెండు మెదడు రక్తస్రావాల కేస్ స్టడీ

రాత్రి 8:35కి స్ట్రెచర్ మీద వచ్చిన ఆవిడకు 61 ఏళ్లు, బరువు 58 కిలోలు. 9 ఏళ్ల కిందట గుండెలో మైట్రల్ వాల్వ్ తీసి లోహపు వాల్వ్ పెట్టారు. అప్పటినుంచి రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్ర మీద ఉంది. “ఒక్క రోజు కూడా మాత్ర మానలేదు సార్” అన్నాడు కొడుకు. అమ్మను బాగా చూసుకుంటున్నామన్న ధీమాతో అన్నాడు. ఆ మాట వినగానే నా గుండె జారింది. (గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.)

7:40కి ఫోన్ మాట్లాడుతుంటే ఎడమ చేతిలోంచి ఫోన్ జారిపోయింది. తీసుకోబోతే చేయి లేవలేదు. తలనొప్పి, ఒక వాంతి. 55 నిమిషాల్లో మా ఎమర్జెన్సీకి తెచ్చేశారు. అంత త్వరగా తెచ్చేవాళ్లు తక్కువ. స్పృహలోనే ఉంది, పేరు చెప్పింది, నెల తప్పు చెప్పింది. స్పృహను కొలిచే గ్లాస్గో స్కోరు 15కి 14. ఎడమ చేయి మంచం మీద ఈడ్చగలదు గానీ ఎత్తలేదు. కాలు కొంచెం నయం. బీపీ 192/106, షుగర్ 148.

8:55కి సీటీ. మెదడు లోతుల్లో పుటామెన్ అనే చోట, కుడివైపు తెల్లటి ముద్ద. పొడవు 4.2 సెం.మీ., అడ్డం 3.4, ఎత్తు 3. మూడూ గుణించి సగం చేస్తే సుమారు 21 మిల్లీలీటర్లు. మంచం పక్కన వేళ్ల మీద చేసుకునే లెక్కే అయినా బాగా పనికొస్తుంది. నన్ను నిలబెట్టింది మాత్రం సైజు కాదు. ఆ ముద్ద లోపల గీత గీసినట్టు ఒక మట్టం కనిపించింది: పైన నల్లగా, కింద తెల్లగా. గ్లాసులో మట్టి నీళ్లు పెడితే అడుగున పేరుకున్నట్టు రక్తకణాలు అడుగుకు దిగాయి. మామూలుగా కారిన రక్తం గడ్డకట్టి ముద్దవుతుంది కాబట్టి కణాలు అలా దిగడానికి వీలుండదు. ఈ మట్టం కనిపించిందంటే రక్తం ఇంకా నీళ్లలా ఉందని, గడ్డకట్టే వ్యవస్థ పనిచేయడం లేదని గట్టిగా అనుమానించాలి.

ఇక్కడే మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె, మామూలుగా 1 దగ్గర ఉంటుంది) కోసం రక్తం 8:42కి తీశాం. 9:10కి ల్యాబ్ నుంచి ఫోన్: “నీలం మూత ట్యూబ్ సగమే నిండింది, శాంపిల్ రిజెక్ట్.” ల్యాబ్ చేసింది సరైన పనే. ఆ ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే సిట్రేట్ ముందే కొలిచి పోసి ఉంటుంది. 9 వంతుల రక్తానికి 1 వంతు సిట్రేట్ ఉండాలి, రక్తం తగ్గితే ఐఎన్‌ఆర్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ట్యూబ్ గీత దాకా నిండిందో లేదో చూసుకోకుండా పంపింది మేమే. కానీ దానికంటే పెద్ద తప్పు నాది. ఆవిడ వార్ఫరిన్ మీద ఉందని తెలుసు, సీటీలో రక్తం కనబడింది, మట్టమూ కనబడింది. అయినా ఒక అంకె కోసం 15 నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ ఫోన్ వచ్చాక గానీ బుద్ధి రాలేదు. 9:12కి విటమిన్-కె మొదలుపెట్టించి, ప్రోథ్రాంబిన్ కాంప్లెక్స్ (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్లు చిక్కగా ఉన్న మందు) తెప్పించమని చెప్పి, రెండో శాంపిల్ నేనే తీశాను.

ఈలోగా కొడుకు వచ్చి అడిగాడు. “సార్, బ్రెయిన్‌లో క్లాట్ ఉందని టెక్నీషియన్ అన్నాడు. ఇప్పుడు మీరు రక్తం గడ్డకట్టే మందు ఇస్తున్నారట. క్లాట్ ఉందంటూ మళ్లీ క్లాట్ అయ్యే మందిస్తారా?”

తప్పు పట్టడానికి లేని ప్రశ్న. మనం వాడే మాటల్లోనే ఉంది చిక్కు. రక్తనాళం లోపల గడ్డ అడ్డుపడి మెదడుకు రక్తం అందకపోయినా క్లాట్ అంటాం, రక్తనాళం చిట్లి బయటికి కారిన రక్తం ముద్దకట్టినా క్లాట్ అంటాం. ఒకదానికి కరిగించే మందు, ఇంకోదానికి కట్టించే మందు. పేరు మాత్రం ఒకటే. ఆ అబ్బాయికి ఇలా చెప్పాను: “పైపు పగిలి గదిలోకి నీళ్లు వచ్చాయి బాబూ. గదిలో నిలిచిన నీళ్లను నేనిప్పుడు తీయలేను. పగిలినచోట ఇంకా కారుతుంటే అది ఆపాలి. ఆపే జిగురు అమ్మ రక్తంలో ఉండాలి, ఆ మాత్ర వల్ల లేదు. అది తిరిగి ఇస్తున్నాం.” అర్థమైంది. వెంటనే ఇంకో ప్రశ్న వేశాడు, “మరి వాల్వ్?” దానికి మాత్రం అంత తేలిగ్గా జవాబు చెప్పలేకపోయాను.

వార్ఫరిన్‌ను రక్తం పలచబడే మాత్ర అంటాం గానీ రక్తమేమీ పలచబడదు. కాలేయం తయారుచేసే గడ్డకట్టే ఫ్యాక్టర్లలో 2, 7, 9, 10 అనే నాలుగు విటమిన్-కె లేకుండా పని చేయలేవు. వార్ఫరిన్ ఆ విటమిన్‌ను తిరిగి వాడుకోకుండా అడ్డుకుంటుంది. కాబట్టి విరుగుడుకు రెండు దారులున్నాయి. విటమిన్-కె ఇచ్చి కాలేయం కొత్త ఫ్యాక్టర్లు తయారుచేసేదాకా ఆగడం ఒకటి, తయారైన ఫ్యాక్టర్లను నేరుగా నరంలోకి ఎక్కించడం రెండోది. మొదటిదానికి గంటలు పడుతుంది, పూర్తి ఫలితానికి 12 నుంచి 24 గంటలు. మెదడులో కారుతున్న రక్తం అంతసేపు ఆగదు. అలాగని రెండోది మాత్రమే ఇచ్చి ఊరుకుంటే ఫ్యాక్టర్ 7 కొన్ని గంటల్లోనే సగానికి పడిపోతుంది, తెల్లారేసరికి ఐఎన్‌ఆర్ మళ్లీ లేస్తుంది. అందుకే రెండూ ఇస్తాం. విటమిన్-కె 10 మిల్లీగ్రాములు సెలైన్‌లో కలిపి అరగంట పాటు మెల్లగా. గబుక్కున తోస్తే అరుదుగానైనా ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ రావచ్చు.

ప్లాస్మా, అంటే కణాలు తీసేసిన రక్తపు ద్రవం, ఎందుకు ఇవ్వలేదని డ్యూటీ డాక్టర్ తర్వాత అడిగాడు. చాలా చోట్ల ఇప్పటికీ మొదట తెప్పించేది అదే. ప్లాస్మాలోనూ ఆ ఫ్యాక్టర్లు ఉంటాయి, కానీ నీళ్లు కలిపిన పాలలాగా. ఈవిడ బరువుకు దాదాపు లీటరు ఎక్కించాలి. గ్రూపు చూడాలి, ఫ్రీజర్‌లో మంచులా ఉన్న సంచులు కరిగించాలి, వాల్వ్ మార్చిన గుండె అంత ద్రవాన్ని మోయాలి. 2016లో వచ్చిన ఇంచ్ ట్రయల్‌లో 50 మందే ఉన్నారు గానీ తేడా కొట్టొచ్చినట్టు తేలింది: 3 గంటల్లో ఐఎన్‌ఆర్ 1.2కు దిగినవాళ్లు ప్లాస్మా గుంపులో 9 శాతం, ప్రోథ్రాంబిన్ కాంప్లెక్స్ గుంపులో 67 శాతం.

9:30కి మందు వచ్చింది. 9:38కి రెండో శాంపిల్ రిపోర్టు: ఐఎన్‌ఆర్ 5.4. ఈ వాల్వ్‌కు ఉండాల్సింది 3 దగ్గర. 4 నుంచి 6 మధ్య ఉంటే కిలోకు 35 యూనిట్లు, అంటే ఈవిడకు 2030. 500 యూనిట్ల సీసాలు నాలుగు. ఇది తెల్లటి పొడిగా వస్తుంది, ఒక్కోదానికి 20 మిల్లీలీటర్ల నీళ్లు కలపాలి. హడావుడిలో అందరూ చేసే పొరపాటు సీసాను గిలకొట్టడం. గిలకొడితే నురగ వస్తుంది, నురగ సిరంజిలోకి రాదు, ప్రోటీన్ పాడవుతుంది. మా సీనియర్ సిస్టర్ రెండు అరచేతుల మధ్య సీసాను పెట్టుకుని మెల్లగా తిప్పుతూ ఉంది. గది నిండా టెన్షన్, ఆవిడ చేతులు మాత్రం ఆ వేగానికి మించి కదల్లేదు. పక్కనున్న కుర్రాడు ఇంకో సీసా తీసి ఊపబోతే కళ్లతోనే ఆపింది. నాలుగూ కరిగేసరికి 9:41. ఎక్కించడం 9:54కి పూర్తయింది. లోపలికొచ్చిన నిమిషం నుంచి మందు మొదలయ్యేసరికి 66 నిమిషాలు. గంట దాటింది. ట్యూబ్ నిండి ఉంటే, నేను ఆగకుండా ఉంటే, 40 నిమిషాల్లో అయ్యేది.

బీపీని లాబెటలాల్‌తో, తర్వాత నికార్డిపిన్ డ్రిప్‌తో 9:35కల్లా 140 దగ్గరికి దించాం. దీనికి పెద్దగా పేరు రాదు గానీ, మందు చేసే పనిలో సగం ఇదే చేస్తుంది. 2023లో వచ్చిన ఇంటరాక్ట్-3లో 7 వేల మందికి పైగా పేషెంట్లున్నారు. అందులో చేసింది కొత్త మందేమీ కాదు. బీపీ గంటలో 140 కిందికి, షుగర్, జ్వరం అదుపులో, వార్ఫరిన్ మీద ఉంటే ఐఎన్‌ఆర్ గంటలో 1.5 కిందికి. ఇవన్నీ కలిపి పట్టుగా చేస్తే ఫలితం మెరుగైంది.

10:25కి ఐఎన్‌ఆర్ 1.3. తెల్లవారుజామున 2:30కి రెండో సీటీ: 29 మిల్లీలీటర్లు. 21 కాస్తా 29 అయింది. ఆ 8 మిల్లీలీటర్లు 9 గంటలకు చేరాయో, మందు ఎక్కుతుండగా చేరాయో చెప్పే సాధనం ఏదీ లేదు. మర్నాటి సీటీలోనూ 29 దగ్గరే ఆగింది, ఐఎన్‌ఆర్ 1.2. నా అనుమానం మాత్రం ఆ మొదటి గంట మీదే.

ఇంతకీ ఎప్పుడూ 3 దాటని ఐఎన్‌ఆర్ 5.4కు ఎందుకు ఎగబాకింది? కొడుకు తెచ్చిన సంచిలో వెతికితే మెట్రోనిడజోల్ స్ట్రిప్ దొరికింది, 5 రోజుల కోర్సు. కడుపు పాడైందని ఎవరో రాసిచ్చారు. రాసినవాళ్లు వార్ఫరిన్ గురించి అడగలేదు, వీళ్లు చెప్పలేదు. కాలేయంలో వార్ఫరిన్‌ను విరిచే ఎంజైమ్‌ను మెట్రోనిడజోల్ అడ్డుకుంటుంది. మాత్ర రోజూ అదే, శరీరంలో దాని బలం మాత్రం పెరుగుతూ పోయింది. ‘ఒక్క రోజు కూడా మానలేదు’ అన్న మాటకు నాకు భయం వేయడానికి కారణం ఇదే.

అదే రాత్రి 11:50కి రెండో పేషెంట్ వచ్చాడు. 54 ఏళ్లు, బీపీ మాత్రలు మానేసి ఆరు నెలలు, రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్. 9:20కి కుప్పకూలాడు. కుడివైపు కదలిక లేదు, మాట లేదు, గ్లాస్గో 11, బీపీ 214/118. ఎడమవైపు లోతుల్లో 34 మిల్లీలీటర్ల రక్తం, కొంచెం వెంట్రికిల్స్ అనే నీటి గదుల్లోకి కూడా దిగింది. ఐఎన్‌ఆర్ 1.0. ప్లేట్‌లెట్లు 2 లక్షల 10 వేలు.

రెండు కుటుంబాలూ ఒకే వరండాలో కూర్చున్నాయి. వరండాలో కబుర్లు మన కేస్ షీట్ల కంటే త్వరగా తిరుగుతాయి. ఒంటిగంటకు ఇతని అన్నయ్య వచ్చి నిలదీశాడు. “ఆ పెద్దావిడకు రక్తం ఆగే ఇంజెక్షన్ ఇచ్చారట డాక్టర్ గారూ. మా తమ్ముడికి ఎందుకివ్వరు?”

ఆవిడ రక్తంలో లేనిదేదో తెలుసు, అది ఇచ్చాం. ఇతని రక్తంలో లేనిదంటూ ఏదీ లేదు. గడ్డకట్టే వ్యవస్థ నిక్షేపంగా ఉంది, పాడైంది గోడ. ఏళ్ల తరబడి బీపీ కొట్టిన దెబ్బలకు సన్నటి ధమని చిట్లింది. చుట్టూ చేరే రక్తం పక్కనున్న చిన్న నాళాలను కూడా లాగి తెంపుతుంది. ఉన్నదానికి మించి గడ్డకట్టే శక్తి ఇస్తే అది చిట్లినచోటికి మాత్రమే వెళ్తుందన్న హామీ లేదు. గుండె ధమనిలో కూడా గడ్డకట్టొచ్చు.

దీన్ని ఊహతో కొట్టిపారేశారని అనుకోవద్దు. చాలా ఆశతోనే ప్రయత్నించారు. రక్తం సరిగ్గా గడ్డకట్టని హీమోఫీలియా జబ్బుకు వాడే యాక్టివేటెడ్ ఫ్యాక్టర్ 7, అంటే నోవోసెవెన్‌ను, మెదడు రక్తస్రావంలో 4 గంటల్లోపు 399 మందిలో చూశారు. 2005లో ఫలితాలు వచ్చినప్పుడు మా వాళ్లలో పండగ వాతావరణమే. 3 నెలల్లో మరణాలు మందు లేనివాళ్లలో 29 శాతం, మందు ఇచ్చినవాళ్లలో 18 శాతం. 2008లో 841 మందితో ఫాస్ట్ ట్రయల్ వచ్చింది. రక్తపు ముద్ద పెరగడం నిజంగానే తగ్గింది: మందు లేకుండా 26 శాతం పెరిగితే, ఎక్కువ డోసుతో 11 శాతమే. అయినా మరణం, తీవ్ర వైకల్యం కలిపి చూస్తే మందు లేనివాళ్లలో 24 శాతం, ఎక్కువ డోసు ఇచ్చినవాళ్లలో 29 శాతం, అంటే మందు ఇచ్చినవాళ్లకు మేలు కనబడలేదు. ఎక్కువ డోసులో ధమనుల్లో గడ్డలు ఎక్కువయ్యాయి. సీటీ బాగుపడింది, మనిషి బాగుపడలేదు.

తర్వాత ట్రానెగ్జామిక్ యాసిడ్. ఇది గడ్డ కట్టించదు, కట్టిన గడ్డ కరగకుండా చూస్తుంది. 2018లో టిచ్-2లో 2325 మందికి, 8 గంటల్లోపు, ఒక గ్రాము వెంటనే, ఇంకో గ్రాము 8 గంటల పాటు ఇచ్చారు. మొదటి వారంలో మరణాలు కొంచెం తగ్గాయి, 11 శాతం నుంచి 9కి. 90వ రోజుకు ఆ తేడా మాయమైంది, మనిషి ఎంతవరకు తన పని తాను చేసుకోగలడన్న దాంట్లో గట్టి తేడా తేలలేదు. ముద్ద పెరుగుదలలో తేడా సగటున ఒకటిన్నర మిల్లీలీటర్ లోపే. గడ్డల బెడద మాత్రం పెరగలేదు, అందుకే నా తోటి డాక్టర్లలో కొందరు ‘నష్టమేముంది’ అని ఇస్తారు. నేను వాళ్లను తప్పు పట్టను. నేను ఇవ్వను. ఏదో ఒకటి చేశామన్న తృప్తి కోసం ఇచ్చే మందు, ఆ పది నిమిషాలు బీపీ మీద పెట్టాల్సిన చూపును లాగేసుకోవడం చాలాసార్లు చూశాను.

డ్యూటీ డాక్టర్ అప్పటికే ప్లేట్‌లెట్ల రిక్వెస్ట్ రాసి ఉంచాడు, ప్లేట్‌లెట్ల పనిని తగ్గించే ఆస్పిరిన్ మీద ఉన్నాడు కదా అని. చదివితే అతని ఆలోచన సరైనదిలాగే ఉంటుంది. కానీ 2016లో ప్యాచ్ ట్రయల్ 190 మందిలో అచ్చంగా ఈ పనే చేసి చూసింది. ప్లేట్‌లెట్లు ఎక్కించినవాళ్లకే చనిపోయే, లేదా ఒకరి మీద ఆధారపడే అవకాశం ఎక్కువైంది. అత్యవసరంగా తల తెరిచి ఆపరేషన్ చేయాల్సి వస్తే వేరే మాట. ఆ కాగితం చింపించాను.

ఇలాంటి పేషెంట్ బతికే అవకాశాన్ని అంచనా వేసే ఒక అంకె కూడా ఉంది. స్పృహ తగ్గడం ఒకటి, 30 దాటిన పరిమాణం ఒకటి, వెంట్రికిల్స్‌లో రక్తం ఒకటి, మొత్తం స్కోరు 3. 2001లో ఈ స్కోరును తయారుచేసిన పేషెంట్లలో 3 వచ్చినవాళ్లలో 72 శాతం మంది నెలలో చనిపోయారు. ఆ అంకెను మొదటి రాత్రే కుటుంబానికి చెప్పే అలవాటు నాకు లేదు. చెప్పిన క్షణం నుంచి మా చేతులు కూడా నెమ్మదిస్తాయి, చివరికి ఆ అంకే నిజమవుతుంది.

3:30కి గ్లాస్గో 7. సీటీలో 34 కాస్తా 52 అయింది, ఒత్తిడికి మెదడు మధ్య గీత పక్కకు జరిగింది. బీపీ అప్పటికి 145కి వచ్చి గంటన్నర. వెంటిలేటర్ పెట్టాం, న్యూరోసర్జన్ వచ్చి నీటి గదిలో డ్రెయిన్ వేశాడు. ఆరో రోజు మధ్యాహ్నం చనిపోయాడు. ఐదో రోజు అన్నయ్య మళ్లీ అడిగాడు, ఈసారి కోపంగా కాదు. “ఆ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే?” నేను ట్రయల్స్ చెప్పలేదు. “ఇచ్చి ఉన్నా ఈ రోజు ఇక్కడే ఉండేవాళ్లమని నా నమ్మకం, ఒట్టు వేసి చెప్పలేను” అన్నాను. ఆయన కాసేపు నా బ్యాడ్జ్ వైపు చూసి, బయటికి వెళ్లి తమ్ముడి చెప్పులు సంచిలో పెట్టుకున్నాడు.

పెద్దావిడ విషయంలో మాకు అసలు చిక్కు అప్పుడే మొదలైంది. లోహపు వాల్వ్, ఐఎన్‌ఆర్ 1.2, పైగా గడ్డకట్టే మందు ఇచ్చాం. వాల్వ్ మీద గడ్డ కడితే అది మెదడుకే ఎగురుతుంది. గడ్డకట్టకుండా చూసే మందు ముందే మొదలుపెడితే పాత చోట మళ్లీ కారొచ్చు. జర్మనీలో ఇలాంటి వాల్వ్ పేషెంట్ల రికార్డులను వెనక్కి తిరిగి చూసి 2018లో రాసినదాని ప్రకారం మొదటి రెండు వారాల్లో పూర్తి డోసు మొదలుపెట్టినవాళ్లలో రక్తస్రావాలు ఎక్కువయ్యాయి, ముప్పు మరీ ఎక్కువుంటే ఆరో రోజు తర్వాత ఆలోచించవచ్చు. కార్డియాలజిస్ట్ వారానికే మొదలుపెడదామన్నాడు, నేను 14 రోజులు ఆగుదామన్నాను. రోజూ గుండె చప్పుడులో ఆ లోహపు టిక్ వినిపిస్తోందా అని స్టెతస్కోప్ పెట్టి వినడం నాకు ఒక జపంలా అయిపోయింది. ఆ టిక్ మెత్తబడితే వాల్వ్ ఇరుక్కుంటున్నట్టే. రెండుసార్లు ఎకో చేశాం, వాల్వ్ శుభ్రంగా ఉంది. 14వ రోజు సీటీ చూసి, బోలస్ (ఒకేసారి ఇచ్చే పెద్ద డోసు) లేకుండా, గడ్డకట్టకుండా చూసే హెపారిన్ డ్రిప్, తర్వాత వార్ఫరిన్.

ఎపిక్సబాన్ లాంటి కొత్త మాత్రలకు మార్చరాదా అని కొడుకు నెట్‌లో చూసి అడిగాడు. లోహపు వాల్వ్ ఉన్నవాళ్లకు అవి వాడకూడదు. వేరే కారణానికి అవి వేసుకుంటూ రక్తస్రావంతో వచ్చేవాళ్ల లెక్క వేరు. వాటికి విరుగుడైన ఆండెక్సానెట్‌ను 2024లో యానెక్సా-ఐ ట్రయల్‌లో చూస్తే రక్తం అదుపులోకి వచ్చింది 67 శాతంలో, మామూలు చికిత్సతో 53 శాతంలో. కానీ గడ్డల సమస్య 5.6 నుంచి 10.3 శాతానికి పెరిగింది. రక్తంలో లోటు ఏమిటో తెలిసి పూడ్చినప్పుడు కూడా బిల్లు వస్తుంది.

మూడో నెలలో ఆవిడ కర్ర పట్టుకుని నడిచి వచ్చింది. ఎడమ చేయి భుజం దాకా లేస్తుంది, వేళ్లు ఇంకా బొత్తాం పెట్టలేవు. ఐఎన్‌ఆర్ 2.9. కొడుకు ఐఎన్‌ఆర్ పుస్తకం అట్ట మీద ఎర్ర ఇంకుతో ఇంటి డాక్టర్ నంబరు రాసి, కింద ‘కొత్త మాత్ర ఏదైనా సరే, ముందు ఫోన్’ అని రాశాడు. మా ఎమర్జెన్సీలో నీలం మూత ట్యూబుల పెట్టె మీద సిస్టర్ ఒక గీత గీసి అంటించింది, దాని పక్కన ‘ఇక్కడిదాకా’ అని.